పులి చర్మం, పాల గ్లాసు

పోయిన నెల మా ఆఫీసులో చీటీ మునిగింది. 20 మందిమి, నెలకి 10 వేలు, 2 లక్షల చీటీ. పదమూడో నెల పాట అయ్యాక చీటీ నడిపే ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. వారమైంది, రెండు వారాలైంది. ఫోన్ స్విచ్ ఆఫ్, ఇంటికి తాళం. నేను ఇంకా పాట పాడలేదు, కాబట్టి కట్టిందంతా పోయినట్టే. నాతో పాటు మరో ఆరుగురు.

ఆ ఆదివారం పిన్ని వాళ్లు మా ఇంటికి వచ్చారు. విషయం తెలిసి తలో మాటా అన్నారు. "ఎంత మర్యాదగా మాట్లాడేవాడే, మీ అమ్మ పోయినప్పుడు కూడా వచ్చాడు కదా" అని పిన్ని బుగ్గలు నొక్కుకుంది. పిన్ని కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదివాడు. 2020 జనవరిలో సెలవులకని వచ్చి, కోవిడ్‌తో ఇక్కడే చిక్కుపడిపోయి, చాలా క్లాసులు మా విజయవాడలోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని విన్నాడు. వాడు అన్నాడు: "అక్కా, చైనా వాళ్లు ఇలాంటప్పుడు ఒక మాట అంటారు. జీ రెన్, జీ మ్యెన్, బు జీ శిన్. మనిషి తెలుసు, ముఖం తెలుసు, మనసు తెలీదు."

"మన మేడిపండే కదరా" అంది పిన్ని. అందరం తలూపాం. నేనూ ఊపాను.

రాత్రి పడుకున్నాక ఆ పోలిక సరిపోలేదనిపించింది. మేడిపండుని విప్పి చూడొచ్చు. విప్పితే పురుగులు కనిపిస్తాయి, సంగతి తేలిపోతుంది. చైనా సామెతలో విప్పి చూడటం అనేదే లేదు. అందులో ఏడు అక్షరాలుంటే, మూడు 'తెలియడం' అనే అక్షరమే. రెండుసార్లు తెలుసు, మూడోసారి తెలీదు. తెలీదు అని ఆగిపోతుంది. పురుగులున్నాయనీ అనదు, లేవనీ అనదు.

మర్నాడు వాడికి ఫోన్ చేసి అడిగితే దానికి ముందు ఇంకో సగం ఉందన్నాడు. పులిని గీసేటప్పుడు చర్మం గీయొచ్చు, ఎముకలు గీయడం కష్టం. ఆ తర్వాత ఈ మాట. చైనాని మంగోలులు ఏలిన యువాన్ వంశం కాలం నాటి నాటకాల్లో కూడా పాత్రలు ఈ రెండు సగాల్నీ కలిపి అంటాయట. అప్పటినుంచి నాకు సామెత మీద ధ్యాస పోలేదు. ఎందుకంటే ఆ మొదటి సగంలో తప్పెవరిదో చూడండి. పులి తన ఎముకల్ని ఎక్కడా దాచిపెట్టుకోలేదు. అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి. అందనిది బొమ్మ గీసేవాడికి.

మోసపోయిన ప్రతిసారీ మనం ఈ మాటని ఎదుటివాడి మీద ఫిర్యాదులా వాడతాం. నాకు మాత్రం ఇది చూసేవాడి గురించి చెప్పిన మాటలా అనిపిస్తోంది. అలా ఎందుకు అనిపిస్తోందో చెప్పాలంటే, నాలుగేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. దానికంటే ముందు, దాన్ని నాకు గుర్తు చేసిన పాత చైనా కథ.

కుండలో చెయ్యి

'ల్యూషీ చున్‌చ్యు' అని ఒక పుస్తకం ఉంది. క్రీస్తు పూర్వం 239 ప్రాంతంలో, చిన్ రాజ్యంలో మంత్రిగా ఉన్న ల్యూ బువెయ్ పండితుల్ని కూర్చోబెట్టి రాయించింది. అందులో కన్ఫ్యూషియస్ గురించిన కథ ఇది.

కన్ఫ్యూషియస్ శిష్యులతో చెన్, సాయ్ రాజ్యాల మధ్య చిక్కుకుపోయాడు. ఏడు రోజులు గింజ లేదు, ఆకుకూర పులుసు కూడా లేదు. గురువు నీరసంతో పగలే పడుకుని ఉన్నాడు. యెన్ హుయ్ అనే శిష్యుడు ఎక్కడో అడిగి బియ్యం తెచ్చి వండుతున్నాడు. అన్నం ఉడకబోతుండగా గురువు అటు చూశాడు. యెన్ హుయ్ కుండలో చెయ్యి పెట్టి, అన్నం తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

యెన్ హుయ్ అంటే శిష్యులందరిలోకీ గురువుకి ప్రాణం. కన్ఫ్యూషియస్ చూడనట్టే ఊరుకున్నాడు. అన్నం వడ్డించాక లేచి కూర్చుని, "ఇప్పుడే కలలో మా నాన్న కనిపించారు. ఈ అన్నం శుభ్రంగా ఉంటే ముందు ఆయనకి పెడదాం" అన్నాడు. యెన్ హుయ్ వెంటనే, "వద్దు గురువుగారూ, ఇది పనికిరాదు. ఇందాక కుండలో మసి పడింది. అన్నం పారేయడం మంచిది కాదని, ఆ మసి పడిన మెతుకులు నేను తీసి తినేశాను" అన్నాడు.

కథ అర్థం కావడానికి మనకి వివరణ అక్కర్లేదు. ఎంగిలి పడిన అన్నం నైవేద్యానికి పనికిరాదని మన ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దొంగతనంగా తిన్నవాడైతే "అలాగే పెడదాం" అనేవాడు. గురువు వేసిన ఎత్తు అదే. అయితే ఆ ఎత్తు ఫలించాక ఆయన ఏమన్నాడన్నదే నన్ను పట్టేసింది. "నేను నమ్మేది కంటిని, కన్నే నమ్మదగ్గది కాదు. నేను ఆనుకునేది మనసుని, అదీ చాలదు. శిష్యులారా, గుర్తుపెట్టుకోండి, మనిషిని తెలుసుకోవడం తేలిక కాదు."

అందరి ముందూ అన్నాడు. నా చూపు తప్పింది అని శిష్యులకి పాఠంలా చెప్పాడు. యెన్ హుయ్ మంచివాడని తేలినందుకు సంతోషించి ఊరుకుని ఉంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

హాల్లో కెమెరా

అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చిన రెండో ఏడు. నేను ఆఫీసుకి పోయే తొమ్మిది గంటలూ అమ్మని చూసుకోవడానికి సత్తెమ్మ వచ్చేది. ఉయ్యూరు దగ్గర పల్లె ఆవిడది. యాభై దాటి ఉంటాయి. ఒక ఏజెన్సీ ద్వారా వచ్చింది. అప్పట్లో ముసలివాళ్లని ఆయాలు కొట్టే వీడియోలు ఫోన్‌లో తెగ తిరుగుతుండేవి. ఆ టెన్షన్‌తో హాల్లో టీవీ పైన కెమెరా పెట్టించాను. సత్తెమ్మకి చెప్పే పెట్టించాను, దాచలేదు. ఆ కెమెరాలో బొమ్మ వచ్చేది గానీ మాట సరిగ్గా వచ్చేది కాదు. ఆఫీసులో ఫోన్ సౌండ్ పెట్టుకుని వినడం ఎలాగూ కుదరదు.

ఒక రోజు పదకొండింటికి ఫోన్ తీసి చూశాను. అమ్మ కుర్చీలో ఉంది. సత్తెమ్మ వంటింట్లోంచి పాల గ్లాసు తెచ్చింది. అమ్మకి ఇవ్వలేదు. అమ్మ ఎదురుగా నిలబడి, గ్లాసు పైకెత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకుంది. తర్వాత మిగతాది అమ్మ చేతికిచ్చింది.

ఒంట్లో రక్తం ఒక్కసారి వేడెక్కింది. అమ్మ అప్పటికే ఎముకల గూడు. ఆవిడకని పెట్టిన పాలు, ఆవిడ కళ్ల ముందే. మర్నాడు చూశాను, అదే. మూడో రోజూ అదే. మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా ముందు ఒక ముద్ద ఆవిడ నోట్లోకే పోయింది.

నేను అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అడిగితే మానేస్తుందని భయం కొంత. నాకు సంగతి తెలిసిపోయింది, ఇంక అడిగేదేముంది అనే ధీమా ఎక్కువ. సాయంత్రం ఇంటికొచ్చి, "అమ్మకి పాలు సరిపోతున్నాయా, ఇంకో పావు లీటరు వేయించమంటావా?" అన్నాను. అదీ నా ఎత్తు. "సరిపోతున్నాయమ్మా" అంది, నవ్వుతూ. ఆ నవ్వు కూడా నాకు దొంగ నవ్వులాగే కనిపించింది.

అక్కణ్నించి అన్నీ అలాగే కనిపించాయి. సాయంత్రం వెళ్లేటప్పుడు భుజానికి తగిలించుకునే సంచీ ఉదయంకన్నా బరువుగా ఉన్నట్టు అనిపించేది. ఎవరితోనో ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడితే నా గురించే అనిపించేది. నేను గుమ్మంలోకి రాగానే లేచి నిలబడితే, ఏదో దాచి లేచిందనుకునేదాన్ని. అంతకుముందు నెలల తరబడి అలాగే లేచి నిలబడేది. అప్పుడు అది మర్యాద.

పదకొండు రోజులు ఇలా గడిచాయి. ఏజెన్సీకి ఫోన్ చేసి, వేరే మనిషిని చూడండి అని చెప్పాను. సోమవారం పంపిస్తామన్నారు. ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. సత్తెమ్మ సగం పూట వచ్చి వెళ్లే రోజు అది. పాలు నేనే కలిపి అమ్మకిచ్చాను. అమ్మ గ్లాసులోకి చూసింది, నా మొహంలోకి చూసింది, గ్లాసు తోసేసింది. "ఇందులో ఏం కలిపావు?" అంది. నా కన్నతల్లి నన్ను అడిగిన మాట అది. ఏమీ లేదమ్మా, పాలే, అని ఎంత చెప్పినా మూతి బిగించుకుని కూర్చుంది.

వంటింట్లోంచి సత్తెమ్మ అంది: "ముందు మీరో గుక్క పోసుకోండమ్మా. ఆవిడ చూసేలాగా పోసుకోవాలి. అప్పుడు తాగుతారు. రోజూ అంతే. అన్నమైనా అంతే."

పోసుకున్నాను. అమ్మ నా గొంతు వైపే చూసింది, పాలు లోపలికి దిగేదాకా. తర్వాత చెయ్యి చాపింది.

డాక్టరుని అడిగితే ఈ జబ్బులో ఇది మామూలే అన్నారు, విషం పెడుతున్నారనే అనుమానం. సత్తెమ్మకి డాక్టరు చెప్పలేదు. ఆవిడకి తనంతట తానే తోచింది. అంత చిన్న సంగతి ఇంటావిడకి చెప్పాల్సిన విషయమని ఆవిడకి అనిపించలేదు, అంతే.

ఏజెన్సీకి ఫోన్ చేసి ఎవర్నీ పంపొద్దన్నాను. సత్తెమ్మకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ ల్యూషీ చున్‌చ్యులోనే ఇంకో చిన్న కథ ఉంది. ఒకడి గొడ్డలి పోయింది. పక్కింటి కుర్రాడే తీశాడని అనుమానం. చూస్తుంటే వాడి నడక గొడ్డలి దొంగ నడకే, మొహం దొంగ మొహమే, మాట దొంగ మాటే. తర్వాత లోయలో తవ్వుతుంటే గొడ్డలి దొరికింది. ఇంకో రోజు చూస్తే ఆ కుర్రాడిలో దొంగ లక్షణం ఒక్కటీ కనిపించలేదు. కుర్రాడు ఏమీ మారలేదు, అని కథ తేల్చి చెబుతుంది. సత్తెమ్మ సంచీ కూడా సోమవారం నుంచి మామూలు బరువుకి వచ్చేసింది.

పరీక్ష పెట్టి తెలుసుకోలేమా?

నా తమ్ముడు ఈ కథంతా విని ఒప్పుకోలేదు. "అక్కా, ఆవిడ మంచిది కాబట్టి నీ కథ ఇలా ముగిసింది. నిజంగా దొంగైతే? నువ్వు చూసిన వీడియోల్లో ఆయాలు నిజంగానే కొట్టారు కదా. చైనా వాళ్లు కూడా ఈ సామెతని నువ్వు చెప్పే అర్థంలో వాడరు. జాగ్రత్తగా ఉండమనే వాడతారు."

వాడి మాట నిజమే. ఆ సామెత 'జెంగ్‌గ్వాంగ్ షియెన్‌వెన్' అనే సామెతల సంకలనంలో ఉంది. మింగ్ రాజుల కాలం నుంచి అక్కడి పిల్లలు బడిలో బట్టీ పట్టిన పుస్తకం, మన పిల్లలకి శతకాల్లాగా. అందులో దాని ఇరుగుపొరుగులన్నీ భయస్తుల మాటలే. ఎదుటివాడితో పదింట మూడు వంతులే మాట్లాడు, గుండె మొత్తం పరిచేయకు అని ఒకటి. ముఖపరిచయాలు లోకమంతా ఉంటాయి, మనసెరిగినవాళ్లు ఎందరుంటారు అని ఇంకొకటి. ఇలాంటి వాటి మధ్య ఉన్న మాటని నేను వినయం వైపు లాగుతున్నానని తెలుసు.

అయితే జాగ్రత్తకి ఇంకో దారి ఉందని, మనుషుల్ని పరీక్షించి తెలుసుకోవచ్చని కూడా అదే చైనాలో అన్నారు. జువాంగ్జి అనే పాత తత్వవేత్త పేరుతో ఉన్న పుస్తకంలో, కన్ఫ్యూషియస్ అన్నట్టుగా, ఒక భాగం ఉంది. మనిషి మనసు కొండలకన్నా, నదులకన్నా ప్రమాదకరమైంది, ఆకాశం కన్నా అంతుపట్టనిది. ఆకాశానికైనా ఋతువులున్నాయి, పగలూ రాత్రీ ఉన్నాయి, మనిషికి మొహం మందం, లోపల లోతు, అంటాడు. ఆ వెంటనే తొమ్మిది పరీక్షలు చెబుతాడు. దూరం పంపి విశ్వాసం చూడు, దగ్గర పెట్టుకుని మర్యాద చూడు, డబ్బు అప్పగించి చూడు, ఆపద చెప్పి చూడు, తాగించి చూడు, ఇలా.

మా చీటీ ఆయన్ని ఆ తొమ్మిదింట్లో నిలబెట్టి చూశాను. దాదాపు అన్నీ నెగ్గుతాడు. డబ్బు అప్పగించడమంటారా, అయిదేళ్లు అదే కదా చేశాం.

పరీక్షలు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడి సంగతే చూడండి. మూడు రాజ్యాల కాలంలో షు రాజ్యానికి జూగ లియాంగ్ మంత్రి. బుద్ధికి చైనాలో ఆయన పేరే ముందు చెబుతారు. మనిషి స్వభావం తెలుసుకోవడానికి ఏడు మార్గాలు అని ఆయన పేరు మీదే ఒక రచన ప్రచారంలో ఉంది. ఆయనకి మా సు అనే యువకుడంటే చాలా గురి. పగలు మొదలుపెడితే రాత్రి దాకా యుద్ధ వ్యూహాలు మాట్లాడుకునేవారు. రాజు లియూ బెయ్ 223లో చావు మంచం మీద ఉండి ప్రత్యేకంగా చెప్పాడు, మా సు మాటలు వాడి సరుకు కన్నా ఎక్కువ, పెద్ద పని అప్పగించకు అని. జూగ లియాంగ్ వినలేదు. 228లో జియేటింగ్ దగ్గర సైన్యాన్ని మా సు చేతిలో పెట్టాడు. వాడు చెప్పినట్టు చేయక కొండెక్కి కూర్చున్నాడు. శత్రువు కిందనుంచి నీళ్ల దారి కట్టేశాడు. సైన్యం చెదిరిపోయింది. దండయాత్ర మొత్తం వెనక్కి వచ్చింది. మా సుకి మరణశిక్ష వేసి జూగ లియాంగ్ ఏడ్చాడు, తన పదవిని తానే మూడు మెట్లు తగ్గించుకున్నాడు.

మా సు మోసగాడు కాదన్న సంగతే నాకు ఇక్కడ ముఖ్యం. వాడు ఏమీ దాచలేదు. ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చున్న మనిషిలో ఒక తెలివైన వాడికి కనపడనిది, ఇంకొకరికి కనపడింది. మళ్లీ పులి, మళ్లీ బొమ్మ గీసేవాడు.

మందు రుచి చూసినవాడు

మరి కాలం తేలుస్తుందా? గుర్రం బలం దూరం మీద తెలుస్తుంది, మనిషి మనసు రోజులు గడిస్తే తెలుస్తుంది అని కూడా ఒక చైనా సామెత. ఇది వినగానే ఊరటగా ఉంటుంది. కానీ నన్ను ఎక్కువ రోజులు నిద్రపోనివ్వంది ఈ ఊరటే.

815లో బై జుయి అనే కవిని రాజధాని నుంచి జియాంగ్‌జౌకి పంపేశారు. ప్రధానమంత్రిని వీధిలో హత్య చేస్తే, హంతకుల్ని వెంటనే పట్టుకోవాలని అర్జీ పెట్టడం ఆయన చేసిన తప్పు. నీ హద్దు కాదు అన్నారు. అది చాలలేదేమో, ఇంకో నింద కూడా వేశారు. ఆయన తల్లి పువ్వులు చూస్తూ బావిలో పడి చనిపోయింది. అలాంటి కొడుకు పువ్వుల మీదా బావి మీదా పద్యాలు రాశాడు, తల్లి మీద ప్రేమ లేనివాడు అన్నారు. ఒక కొడుకు మనసుని ఎవరెవరో ఇలా చదివేశారు. ఆ దారిలో ఆయన రాసిన పద్యంలో ఒకటుంది: జేడ్ రాయి నిజమైనదో కాదో తేలాలంటే మూడు రోజులు నిండుగా కాల్చాలి, కలప జాతి తేలాలంటే ఏడేళ్లు ఆగాలి. అక్కడితో ఆపలేదు. చిన్నరాజు గద్దె కాజేస్తాడని లోకం అనుమానించినా చివరికి నమ్మకస్తుడని తేలిన జౌ ప్రభువు, ఆ పుకార్లకి భయపడుతున్న రోజుల్లోనే చనిపోయి ఉంటే, వాంగ్ మాంగ్ సింహాసనం కాజేయక ముందు వినయంగా ఉన్న రోజుల్లోనే చనిపోయి ఉంటే, ఇద్దరి నిజమూ ఎవరికి తెలిసేది అంటాడు.

వాంగ్ మాంగ్ కథ చదవండి. హాన్ వంశపు రాణీమాతకి మేనల్లుడు. చుట్టాలంతా గుర్రాలు, పట్టుబట్టలు అని ఊరేగుతుంటే ఈయన మామూలు బట్టలు కట్టి చదువుకునేవాడు. పెదనాన్న జబ్బు పడితే నెలల తరబడి పక్కనే ఉన్నాడు, తల దువ్వుకోలేదు, మొహం కడుక్కోలేదు, నడికట్టు విప్పలేదు, ప్రతి మందూ ముందు తాను రుచి చూసి ఇచ్చాడు. ఇంటికి పెద్ద అధికారుల భార్యలొస్తే ఆయన భార్యని చూసి పనిమనిషి అనుకున్నారు, అంత సాదా బట్టలు. కొడుకు ఒక బానిసని చంపితే, బానిసే కదా అని వదలకుండా, ఆ కొడుకు తన ప్రాణం తానే తీసుకునేలా చేశాడు. క్రీ.శ. 9లో హాన్ వంశాన్ని పక్కకి నెట్టి తానే చక్రవర్తి అయ్యాడు. 23లో తిరుగుబాటుదారులు ఆయన్ని రాజమందిరంలోనే చంపారు. ఆ రోజు నుంచీ చైనాలో నటనకి ఇంకో పేరు వాంగ్ మాంగ్.

ప్రతి మందూ ముందు తాను రుచి చూసి ఇచ్చాడు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. సత్తెమ్మ చేసిందీ అచ్చం ఇదే పని. యెన్ హుయ్ నోట్లో వేసుకున్నది కూడా ముందే. కెమెరాలో మూడూ ఒకేలా కనిపిస్తాయి.

వాంగ్ మాంగ్ విషయంలో నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆయన నిజంగా నటించాడా? ఆయన కథ మనకి చెప్పింది మళ్లీ గద్దెనెక్కిన హాన్ వంశం కాలంలో రాసిన చరిత్ర. గద్దెనెక్కగానే ఆయన చేసిన మొదటి పనుల్లో భూమి అమ్మకాలు, బానిసల అమ్మకాలు ఆపేయడం ఉంది. మూడేళ్లకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నటనే అయితే, సింహాసనం చేతికొచ్చాక ఇంకెవరి కోసం నటిస్తాడు? ఒక బానిస ప్రాణానికి కన్నకొడుకు ప్రాణం చెల్లించేంత నటన ఉంటుందా? పదవి మీద ఆశ కూడా ఆయనదే, మందు రుచి చూసిన ప్రేమ కూడా ఆయనదే అయి ఉండొచ్చు. అలాంటప్పుడు లోపల ఒకే ఒక ఎముక ఉంది, అది ఏనాటికైనా బయటపడుతుంది అన్న లెక్కే తప్పేమో.

ఇదంతా మా చీటీ ఆయన వైపే వెళ్తోందని మీకు అర్థమై ఉంటుంది. మా అమ్మని రాత్రి ఒంటిగంటకి హాస్పిటల్‌లో చేర్చినప్పుడు, అడ్వాన్స్ కట్టడానికి నా కార్డు పనిచేయలేదు. ఆయనకి ఫోన్ చేస్తే స్కూటర్ మీద 40 వేలు తెచ్చిచ్చాడు. రసీదు లేదు, వడ్డీ లేదు. తెల్లారేదాకా నాతో పాటు బల్ల మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆఫీసులో అందరూ, అదంతా గాలం అక్కా, నమ్మకం కుదరడానికి వేసిన ఎర, అంటున్నారు. నాకు అలా అనబుద్ధి కావడం లేదు. ఆ రాత్రి ఆయన కళ్లు నేను చూశాను. సరే, కళ్లు చూశానన్న మాటకి విలువ లేదని ఇంతసేపూ నేనే చెబుతున్నాను. అందుకే ఏమీ అనకుండా ఉంటాను. రెండేళ్ల కింద ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోయి ఉంటే, ఇప్పటికీ మా ఇంట్లో ఆయన్ని దేవుడనే చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు దొంగ అంటున్నాం. నా డబ్బు తీసుకుని పారిపోయాడు, ఇది నిజం. ఆ రాత్రి 40 వేలు తెచ్చాడు, ఇదీ నిజమే. మొదటిది రెండోదాన్ని అబద్ధం చేస్తుందని నేను అనుకోను.

పోలీసు కంప్లైంటు ఇచ్చాను. ఇందులో నాకు ఏ తటపటాయింపూ లేదు. ఇక్కడ నా తమ్ముడితో నాకు గొడవ కూడా లేదు. చీటీలకి 1982లో చేసిన చట్టం ఉంది. రిజిస్టర్ చేయమంటుంది, చీటీ నడిపేవాడిని ముందే సెక్యూరిటీ పెట్టమంటుంది. ఆ చట్టం ఎవడి మొహమూ చూడదు, మనసు మంచిదా అని అడగదు. తెలీదు అన్నదాన్ని తెలీదనే ఒప్పుకుని రాసుకున్న చట్టం అది. దాన్ని పక్కన పెట్టి, "ఆయన అలాంటివాడు కాదు" అన్న ధీమాతో రిజిస్టర్ కాని చీటీ కట్టింది నేను. సత్తెమ్మ దగ్గర "ఆవిడ అలాంటిదే" అన్న ధీమాతో ఏజెన్సీకి ఫోన్ చేసిందీ నేనే. రెండు చోట్లా చేసింది ఒక్కటే తప్పు. ఒకచోట డబ్బు పోయింది. రెండో చోట ఒక మనిషికి బతుకుతెరువు పోయేది, మా అమ్మకి పాలు తాగించే దారి తెలిసిన ఒక్క మనిషీ పోయేది. లెక్క అడగడం, కాగితం రాయించుకోవడం, కెమెరా పెట్టడం కూడా, వీటిలో దేనికీ నేను వ్యతిరేకం కాదు. లెక్క తేడా వస్తే అడగాలి. నేను అడగకుండానే లోపల ఏముందో రాసేసుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో సత్తెమ్మని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇంతవరకూ ఒకే వైపు నుంచి మాట్లాడాను. మనిషి తెలుసు, ముఖం తెలుసు, మనసు తెలీదు అన్నప్పుడు, ఆ చూసేవాళ్లు ఎప్పుడూ మనమే. చూడబడేవాళ్లం కూడా మనమేనని నాకు తట్టింది మొన్నే, పిన్ని వాళ్లు వెళ్లాక, హాల్లో ఆ కెమెరా తుడుస్తుంటే. వైరు పీకేసి రెండేళ్లయింది, కెమెరా అక్కడే ఉంది.

అమ్మ పెద్దకర్మ రోజు సత్తెమ్మ వచ్చింది. అప్పటికి వేరే ఇంట్లో చేస్తోంది, సెలవు అడిగి వచ్చింది. డజను అరటిపళ్లు తెచ్చి అమ్మ ఫోటో ముందు పెట్టి, కాసేపు నిలబడి, ఆడవాళ్ల పంక్తిలో పిన్ని పక్కన కూర్చుంది. పిన్ని టీవీ పైకి చూసి "అదేంటే, ఇంట్లో కెమెరా?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపు సత్తెమ్మే చెప్పింది.

"అమ్మ మీద బెంగతో పెట్టించుకున్నారండి. ఆఫీసులో కూర్చుని కూడా రోజంతా అమ్మనే చూసుకునేవారు. నేను పాలు పట్టే వేళకి చూస్తారని నాకు తెలుసు, అందుకే ఆవిణ్ని కెమెరాకి ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని, కూతురికి బాగా కనపడాలని. ఇట్లాంటి కూతురు ఎంతమందికి ఉంటుందండీ."

పిన్ని నా వైపు చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా చేతిలో పులుసు గిన్నె ఉంది. సత్తెమ్మ విస్తట్లో గరిటెడు వేసి, పక్క విస్తరి దగ్గరికి వెళ్లాను.